నాలుగు ప్రశ్న గుర్తులు: మందసా, పలాసా?

మొన్న రాత్రి పదిన్నరకి మా పిన్ని కొడుకు విజయనగరం హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. బీటెక్ రెండో ఏడు, జావా ల్యాబ్, మర్నాడు పొద్దున్నే రికార్డు మీద సంతకం పెట్టించుకోవాలి. "అన్నయ్యా, ప్రోగ్రాం రన్ అయిపోతోంది, ఎర్రర్ ఏదీ రావట్లేదు, ఫైల్ కూడా తయారైంది. తెరిచి చూస్తే లోపల ఏటీ లేదు" అన్నాడు. సైజు ఎంత చూపిస్తోందిరా అంటే సున్నా అన్నాడు. వాడు తెరని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేలోపే నాకు సంగతి తెలిసిపోయింది. ఫైల్‌లో రాశాడు, దాన్ని మూయలేదు. ఎందుకంత కచ్చితంగా చెప్పానంటే, ఆ సున్నాని నేను 2017 వేసవిలో పలాసలో మా మావయ్య కొట్లో చూశాను. ఆ రోజు కొన్న జీడిపిక్కల లెక్క మొత్తం ఆ సున్నాలో పోయింది.

వాడికి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి పడుకోమన్నాను గానీ, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఫైల్ రాయడం, చదవడం అన్నది మన సిలబస్‌లో ఒక చిన్న యూనిట్. క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్‌హెరిటెన్స్ అన్నీ నెలల తరబడి చెప్పి, చివర్లో పరీక్షల ముందు హడావుడిగా ఒక ఫైల్‌లోంచి ఇంకో ఫైల్‌లోకి కాపీ చేసే ప్రోగ్రాం రాయించి వదిలేస్తారు. కానీ బయట నిజంగా ఎవరికైనా పనికొచ్చే ప్రోగ్రాం రాసినప్పుడు దెబ్బ తగిలేది ఇక్కడే. ఆబ్జెక్ట్ అంటే ఒక రైతువో ఒక బిల్లువో వివరాలన్నీ కలిపి పట్టుకున్న మూట, అది మెమరీలో ఉన్నంతసేపే బతుకుతుంది. దానికి క్లాస్ అనే అచ్చు ఉంది, పనులు చేసే మెథడ్లు ఉన్నాయి, తప్పు విలువ పెడితే వద్దనే చెక్‌లు ఉన్నాయి. ఫైల్‌కి అవేవీ లేవు. ఫైల్ అంటే వరసగా పేర్చిన బైట్లు, అంటే చిన్న చిన్న అంకెలు, అంతే. మన రైతు ఆబ్జెక్ట్, బస్తా ఆబ్జెక్ట్, బిల్లు ఆబ్జెక్ట్ అన్నీ గడప దాటి అటు వెళ్లేసరికి వట్టి బైట్లయిపోతాయి, మళ్లీ ఇటు వచ్చినప్పుడు వాటికి ప్రాణం పోయాల్సింది మనమే. ఆ గడప దగ్గర ఏం జరుగుతుందో నాకు ఎవరూ చెప్పలేదు, మావయ్య చిట్టా చెప్పింది.

మావయ్యది చిన్న వ్యాపారం. మార్చి నుంచి జూన్ దాకా ఉద్దానం ఊళ్ల నుంచి రైతులు పిక్కలు తెస్తారు, 80 కేజీల బస్తా లెక్కన కొని, పిక్కల్లోంచి పప్పు తీసే బట్టీల వాళ్లకి వేస్తాడు. నేను మూడో ఏడు పరీక్షలు రాసి ఇంటికొచ్చాను, లెక్కలన్నీ కంప్యూటర్‌లో పెడతానని నేనే అడిగాను. తేదీ, ఊరు, రైతు పేరు, బస్తాలు, ధర, మొత్తం. పేర్లు తెలుగులోనే ఉండాలన్నాడు మావయ్య, గుమస్తాకి ఇంగ్లీషు రాదు. జావాలో ఒక చిన్న కిటికీ (తెర మీద తెరుచుకునే విండో) చేశాను, రోజుకో ఫైల్, తేదీయే ఫైల్ పేరు, కాబట్టి లైన్‌లో మొదటి గడి ఊరు. ఇంట్లో నా ల్యాప్‌టాప్ మీద రెండు రోజులు నడిపి చూసి తీసుకెళ్లి కొట్లో పాత విండోస్ కంప్యూటర్‌లో పెట్టాను.

ఒక తప్పు ఇంట్లోనే పట్టుకున్నాను. ఫైల్‌లో అక్షరాలు రాయడానికి జావా ఇచ్చే క్లాస్ ఫైల్‌రైటర్, దానికి ఫైల్ పేరు ఒక్కటే ఇస్తే, అది తెరిచిన క్షణంలోనే పాత సరుకంతా తుడిచేస్తుంది. మీరు ఒక్క అక్షరం రాయకపోయినా సరే, తెరవగానే ఖాళీ. పొద్దున్న పది లైన్లు రాసి, మూసి, మధ్యాహ్నం మళ్లీ ప్రోగ్రాం తెరిస్తే పొద్దుటివి ఉండవు. పేరు పక్కన రెండో విలువగా ట్రూ అని ఇస్తేనే ఉన్నదాని చివర చేరుస్తుంది. ఒక్క ట్రూకి ఒక పూట లెక్క.

పట్టుకోలేకపోయింది రెండోది. మూడో రోజు సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు మావయ్య కిటికీ మూల ఉన్న అడ్డగీతల (X) గుర్తు నొక్కి మూసేశాడు. నేను ఫైల్‌ని క్లోజ్ చేసే లైన్ 'ముగించు' అన్న బటన్‌లో పెట్టాను. అడ్డగీతల గుర్తు నొక్కితే ప్రోగ్రాం నేరుగా చచ్చిపోతుంది, ఆ లైన్ దాకా రాదు. మర్నాడు చూస్తే ఆ రోజు ఫైల్ ఉంది, సైజు సున్నా.

రాసింది ఏమైనట్టు? బఫర్‌లో ఉండిపోయింది. బఫర్ అంటే ఏమిటో నేను పుస్తకంలో చదివాను గానీ అర్థమైంది మాత్రం మావయ్య గుమస్తాని చూశాకే. బస్తా తూచిన ప్రతిసారీ ఆయన లేచి లోపలికెళ్లి చిట్టా పుస్తకం తెరవడు. కాటా దగ్గరే చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. పదో పన్నెండో చీటీలు పోగయ్యాక ఒకేసారి వెళ్లి చిట్టాలో ఎక్కిస్తాడు. అలా చేస్తే పని చురుగ్గా సాగుతుంది. బఫర్డ్‌రైటర్ చేసేది సరిగ్గా అదే, మామూలుగా 8192 అక్షరాలు నిండేదాకా జేబులో పెట్టుకుని అప్పుడు డిస్క్ వైపు నడుస్తుంది. మాకు రోజుకి నలభై యాభై లైన్లు, అన్నీ కలిపినా ఆ జేబు నిండదు. ఇక క్లోజ్ లేకుండా ప్రోగ్రాం ఆగిపోయిందంటే గుమస్తా చీటీలు జేబులో పెట్టుకుని ఊరెళ్లిపోయినట్టే. ఎర్రర్ రాదు. రాసిన లైన్ రాసినట్టే నడిచింది కదా, ప్రోగ్రాం దృష్టిలో తప్పేమీ జరగలేదు.

2011లో వచ్చిన జావా 7 నుంచి దీనికి మంచి దారి ఉంది. ట్రై అన్న మాట పక్కన బ్రాకెట్లోనే ఫైల్ తెరిస్తే, ఆ బ్లాక్‌లోంచి ఎలా బయటికొచ్చినా, మామూలుగా వచ్చినా, మధ్యలో ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) పేలినా, క్లోజ్ దానంతటదే జరుగుతుంది. పాత పద్ధతిలో చివర్లో తప్పకుండా నడిచే ఫైనల్లీ బ్లాక్‌లో క్లోజ్ పెట్టి, దానికి మళ్లీ ఇంకో ట్రై చుట్టి రాసేవాళ్లం. ఇప్పటికీ చాలా రికార్డుల్లో అదే రాయిస్తున్నారు, నాకు అది నచ్చదు, పిల్లలు రాసేటప్పుడు ఎక్కడో ఒకచోట జారిపోతుంది. ఇంకొకటి, మావయ్య కొట్టు లాంటి చోట పొద్దున్నించి సాయంత్రం దాకా ఫైల్‌ని తెరిచి ఉంచాల్సిన పనే లేదు. పది నిమిషాలకో బస్తా వస్తుంది. ఒక లైన్‌కి ఒకసారి తెరువు, చివర చేర్చు, మూసెయ్. నిదానం అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, పది నిమిషాలకోసారి జరిగే పనిలో మిల్లీసెకన్లు లెక్కపెట్టుకోవక్కర్లేదు. అదీగాక ఆ బ్లాక్ అక్కడే మొదలై అక్కడే అయిపోతుంది కాబట్టి, తర్వాత కిటికీ ఎలా మూసినా ఆ లైన్‌కి ఢోకా లేదు.

అలా మార్చి, హమ్మయ్య అనుకున్నాను. అసలు దెబ్బ తొమ్మిదో రోజున తగిలింది.

మావయ్య బట్టీ అతనితో బేరంలో ఉండి, మందస వైపు నుంచి ఇప్పటిదాకా ఎన్ని బస్తాలు వచ్చాయో తీసి చెప్పమన్నాడు. ఫైళ్లు తెరిచాను. తేదీలు ఉన్నాయి, బస్తాలు ఉన్నాయి, ధరలు ఉన్నాయి. ఊరు ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తులు. రైతు పేరు ఉండాల్సిన చోటా ప్రశ్న గుర్తులే. సున్నా అయిన మూడో రోజు పోను, అన్ని రోజులూ అంతే.

"ఒరే అల్లుడా, ఏట్రా ఇది? మనుషులందరూ ఏటైపోనారు?" అన్నాడు మావయ్య. కోప్పడలేదు. నాకు మాత్రం నోట మాట రాలేదు.

ఎలా జరిగిందో తెలుసుకోడానికి ఆ రాత్రంతా పట్టింది. కిటికీలో పేర్లు చక్కగానే కనబడేవి, ఎందుకంటే అవి మెమరీలో ఉన్న స్ట్రింగ్‌లు, జావా స్ట్రింగ్‌కి తెలుగు అయినా ఇంగ్లీషు అయినా ఒకటే. రోజు చివర మొత్తాలు కూడా సరిపోయేవి, అంకెలు చెడిపోలేదు కాబట్టి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చెడింది గడప దాటేటప్పుడు. అక్షరాన్ని బైట్లుగా మార్చాలంటే ఒక పట్టిక కావాలి. ఏ పట్టికో మనం చెప్పకపోతే ఆ రోజుల్లో జావా ఆ కంప్యూటర్‌కి అలవాటైన పట్టిక తీసుకునేది. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు, దాని అలవాటు యూటీఎఫ్-8 అనే పట్టిక, అందులో తెలుగు ఉంది. కొట్లో విండోస్ అలవాటు 1252 అనే పాత పట్టిక, పడమటి ఐరోపా భాషల కోసం చేసింది, అందులో మన అక్షరం ఒక్కటీ లేదు. పట్టికలో లేని అక్షరం వస్తే ఫైల్‌రైటర్ గొడవ చెయ్యదు, ఆపదు, దాని బదులు ఒక ప్రశ్న గుర్తు రాసి ముందుకెళ్లిపోతుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్న గుర్తు. అది తిరిగి రాదు. యూటీఎఫ్-8లో రాసినదాన్ని తప్పు పట్టికతో తెరిస్తే చిందరవందరగా కనబడుతుంది గానీ బైట్లు భద్రంగా ఉంటాయి, సరైన పట్టికతో తెరిస్తే బాగుపడుతుంది. ఇది అలా కాదు, రాసేటప్పుడే పోయింది.

మర్నాడు నేను, గుమస్తా గారు కూర్చుని ప్రశ్న గుర్తులు లెక్కపెట్టాం. నిజంగా వేలు పెట్టి లెక్కపెట్టాం. కవిటిలో క, వ, గుడి, ట, గుడి, కంప్యూటర్‌కి అవి ఐదు. సోంపేట ఆరు. హరిపురం ఏడు. ఇచ్ఛాపురం తొమ్మిది. వజ్రపుకొత్తూరు అయితే పద్నాలుగు, అది దూరం నుంచే తెలిసిపోయేది. కానీ నాలుగు ప్రశ్న గుర్తులు వచ్చాయంటే మందస కావచ్చు, పలాస కావచ్చు. ఐదు అంటే కవిటి కావచ్చు, బారువ కావచ్చు. అక్కడ ఆగి గుమస్తా గారు కళ్లు మూసుకుని బస్తాల సంఖ్య, ధర చూసి గుర్తు తెచ్చుకునేవారు. "పన్నెండు బస్తాలు, తడి పిక్క అని ధర తగ్గించినాం, అది మందసే" అనేవారు. పాత చీటీలు కొన్ని దొరికాయి. రెండు రోజులు పట్టింది. పదిహేడు లైన్లు అప్పటికీ ఎవరివో తేలలేదు, మావయ్య రైతులు మళ్లీ వచ్చినప్పుడు అడిగి సర్దుకున్నాడు.

ఆ రెండు రోజుల్లో నాకు ఒక అలవాటు పట్టుబడింది. ఫైల్ తెరిచే ప్రతి చోటా పట్టిక పేరు రాయడం. చదివేటప్పుడూ, రాసేటప్పుడూ. అప్పట్లో ఫైల్‌రైటర్‌కి పట్టిక చెప్పే వీలే ఉండేది కాదు, 2018లో జావా 11 వచ్చాకే ఆ వీలు ఇచ్చారు. అందుకని ఫైల్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ తెరిచి, దాని మీద అవుట్‌పుట్‌స్ట్రీమ్‌రైటర్ పెట్టి యూటీఎఫ్-8 అని చెప్పి, దాని మీద బఫర్డ్‌రైటర్ పెట్టాను. ల్యాబ్‌లో ఈ మూడు పొరలు చూసి ఇంత పొడుగు ఎందుకురా బాబూ అని విసుక్కునేవాళ్లం. విసుగు అక్కర్లేదు. జీడి బట్టీలో చూడండి, ఒకచోట పిక్క ఉడకబెడతారు, ఒకచోట కొట్టి పప్పు తీస్తారు, ఆరబెడతారు, ఇంకోచోట పొట్టు వలుస్తారు, చివర సైజు చూసి వేరు చేస్తారు. ఎవరి పని వాళ్లది, వెనకవాళ్లు ఇచ్చింది తీసుకుని తమ పని చేసి ముందుకి పంపుతారు. ఇక్కడా అంతే, కింది పొరకి బైట్లు తప్ప ఏమీ తెలియదు, మధ్య పొర అక్షరాలని బైట్లుగా మారుస్తుంది, పై పొర చీటీలు పోగేస్తుంది. అడుగున ఫైల్ బదులు నెట్‌వర్క్ పెట్టినా పై రెండు పొరల్లో ఒక్క ముక్క మార్చక్కర్లేదు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటే ఏమిటో నాకు మనసుకి పట్టింది పుస్తకంలో కుక్క, పిల్లి, జంతువు ఉదాహరణతో కాదు, ఈ మూడు పొరలతోనే. 2022లో వచ్చిన జావా 18 నుంచి ఏ కంప్యూటర్‌లో అయినా మామూలు పట్టిక యూటీఎఫ్-8 అని ఖాయం చేశారు, ఎంతో మంచి పని. అయినా కాలేజీ ల్యాబుల్లో ఇంకా జావా 8 కనబడుతూనే ఉంది, కాబట్టి పేరు రాయండి. ఒక్క మాటే కదా.

చదివే వైపు కూడా ఒకటి చెప్పాలి. లెక్కలు చూసే ఆడిటర్ గారి మనిషి మా ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి, తెలుగంతా డిగ్రీ గుర్తులు, నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలుగా కనబడుతోందన్నాడు. యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కి తెలియాలంటే ఫైల్ మొదట్లో మూడు బైట్ల గుర్తు ఒకటి పెట్టాలి, పెట్టాను, అక్కడ బాగుపడింది. ఇక్కడ చెడింది. నా ప్రోగ్రాం మందస లైన్లు కూడితే మొదటి లైన్ మాత్రం లెక్కలోకి రావట్లేదు. తెర మీద మందస అనే ఉంది, రెండూ ఒకటేనా అని చూసే ఈక్వల్స్ మాత్రం కాదంటోంది. చివరికి పొడవు అడిగాను. నాలుగు రావాలి, ఐదు వచ్చింది. ఆ మూడు బైట్ల గుర్తుని జావా తీసెయ్యకుండా కంటికి కనబడని ఒక అక్షరంగా మొదటి ఊరి పేరుకి అంటించేసింది. అటూ ఇటూ ఖాళీలు తీసే ట్రిమ్ కూడా దాన్ని తియ్యదు. తర్వాత, మొదటి అక్షరం అదే అయితే తీసెయ్యమని ఒక లైన్ రాశాను. కనబడని తప్పు పట్టుకోవాలంటే పొడవు అడగండి, బైట్లు అడగండి, తెరని మాత్రం నమ్మకండి.

గడుల మధ్య కామా పెట్టే ఆలోచన కూడా మొదట్లో చేశాను, 1,25,000 అని మొత్తం రాసేసరికి ఒక గడి మూడు గడులైంది. ట్యాబ్ పెట్టాను, అయిపోయింది.

ఆబ్జెక్ట్‌ని ఉన్నపళంగా ఫైల్‌లో పడేసే దారి కూడా జావాలో ఉంది, సీరియలైజేషన్. తరవాతి ఏడు అది వాడి చూశాను, ఊరు, పేరు, బస్తాలు విడివిడిగా రాసే పనే లేదు, ఒక్క లైన్‌తో మొత్తం వెళ్లిపోతుంది. ముచ్చటేసింది. సీజన్ మధ్యలో మావయ్య తేమ శాతం కూడా రాయాలన్నాడు, క్లాస్‌కి ఒక గడి చేర్చాను, అంతే, అప్పటిదాకా రాసిన ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి. క్లాస్ వెర్షన్ నంబరు నేను ఇవ్వకపోతే జావా తనే ఒకటి లెక్కగడుతుంది, క్లాస్ మారితే ఆ నంబరు మారుతుంది, పాతదీ కొత్తదీ కలవలేదని ఎక్సెప్షన్ ఇస్తుంది. పాత క్లాస్ నా దగ్గర ఉంది కాబట్టి బయటపడ్డాను, పాత ప్రోగ్రాంతో చదివి మామూలు టెక్స్ట్‌గా రాసేశాను. అప్పటి నుంచి నా మాట ఒక్కటే, పదేళ్లు ఉండాల్సిన లెక్కని మనిషి కళ్లతో చదవగలిగేలా రాయండి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది, పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు లేదు. కొట్లో కంప్యూటర్ ఎప్పటికి నడుస్తుందో తెలియదు. రెండేళ్ల ఫైళ్లు నా ఫోన్లో ఉన్నాయి, మామూలు టెక్స్ట్, ఫోన్లో ఏ యాప్‌తో అయినా తెరుచుకున్నాయి. మావయ్య అరుగు మీద కూర్చుని ఒక్కో ఊరు, ఒక్కో పేరు చదివించుకున్నాడు. ఎవరి తోట నుంచి ఏటా ఎన్ని బస్తాలు వచ్చేవో వింటూ, మధ్య మధ్యలో "ఆడి తోట మొత్తం పోనాదట" అనేవాడు. జావా లేదు, క్లాస్ లేదు, ప్రోగ్రాం లేదు, ఆ లైన్లు ఉన్నాయి.

ఇప్పుడు నేను రాసే పద్ధతి ఇది. రోజు లెక్క చేర్చడమైతే తెరిచి, చేర్చి, మూసెయ్యడం. ఫైల్ మొత్తం తిరగరాయాల్సి వస్తే అసలు ఫైల్‌ని ముట్టుకోను. పక్కనే ఇంకో పేరుతో కొత్తది పూర్తిగా రాసి, మూసి, అప్పుడు ఫైల్స్ క్లాస్‌లో ఉన్న మూవ్‌తో పాతదాని స్థానంలో పెడతాను. సగంలో కరెంటు పోతే పోయేది ఆ కొత్త ఫైలే, పాతది చెక్కుచెదరదు. మరీ విలువైన లెక్కైతే పేరు మార్చే ముందు, నేరుగా డిస్క్ మీదకి రాయించే ఫోర్స్ కూడా పిలుస్తాను, ఎందుకంటే ఫ్లష్ అన్నది మన జేబులో చీటీలని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఇస్తుందంతే, దానికీ ఒక జేబు ఉంటుంది. ఇక చదివేటప్పుడు ఫైల్స్ క్లాస్‌లో ఉన్న రీడ్‌ఆల్‌లైన్స్ వాడతాను. మామూలు రీడర్ చెడిపోయిన బైట్లు ఎదురైతే ఏదో గుర్తు పెట్టి సర్దుకుపోతుంది, ఇది మాత్రం ఎక్సెప్షన్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగిపోవడమే నాకు కావాలి. ఆ తొమ్మిది రోజుల్లో మొదటి రోజే, రాసేటప్పుడే, ప్రోగ్రాం అలా ఆగిపోయి ఉంటే ఒక్క రైతు పేరు కూడా పోయేది కాదు.

మా తమ్ముడికి మర్నాడు పొద్దున్న ఇవేవీ చెప్పలేదు. ట్రై బ్రాకెట్లో తెరిచి, యూటీఎఫ్-8 అని రాసి, ఒక్క లైన్‌లో విజయనగరం అని రాసి చూడమన్నాను. తెలుగు అక్షరానికి మూడు బైట్లు, విజయనగరంలో కంప్యూటర్ లెక్కకి ఎనిమిది, కాబట్టి సైజు 24 రావాలి, రాకపోతే ఫోన్ చెయ్యమన్నాను. పావుగంటకే చేశాడు.

"ఖాళీ లేదు అన్నయ్యా, పేరు బాగానే పడింది. కానీ 26 వచ్చింది."

చివర న్యూలైన్ పిలిచావా అని అడిగాను. పిలిచానన్నాడు. మీ ల్యాబ్‌లో విండోస్ కదా, అక్కడ లైన్ ముగించడానికి రెండు బైట్లు పడతాయి, నా ఉబుంటులో అయితే ఒక్కటే, 25 వచ్చేది అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అయితే శ్రీకాకుళం రాస్తే 32 రావాలి కదా, ఉండు" అని ఫోన్ కట్ చెయ్యకుండానే కీబోర్డు టకటకలాడించడం మొదలుపెట్టాడు.